ఊళ్లో లేడు

రేపల్లె,
8 జూలై 2007.

ప్రియమైన తమ్ముడు శ్యామ్‌కి,

ప్రభువు నామంలో నీ అక్క రూతు దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. మీ బావ పేపరు చదవడం, నేను ఆయన్ని తిట్టడం యథాప్రకారం జరుగుతున్నాయి.

నువ్వు చేసిచ్చిన చర్చి సంఘ సభ్యుల ఎక్సెల్ షీటు మా పాస్టరు అయ్యగారికి తెగ నచ్చింది. స్థితి అనే కాలమ్‌లో గడి పక్కన చిన్న బాణం గుర్తు, అది నొక్కితే కిందికి జారే మూడు మాటలు. సభ్యులు, బదిలీ అయినవారు, నిద్రించినవారు. వాటిలో ఒకటి ఎంచుకుంటే చాలు, టైపు కొట్టే పనే లేదు. చనిపోయినవాళ్లని మనం నిద్రించినవారనే అంటాం, కంప్యూటర్లోనూ ఆ మాటే పెట్టావు, సంతోషం. ఉద్యోగమంతా పిల్లల కాపీలు దిద్దుతూ గడిపి రిటైరైన తెలుగు టీచరుకి ఇంతకంటే సుఖం ఏముంటుంది.

కానీ ఒక సంగతి. నిన్న చర్చి ఆఫీసులో షీటు తెరిచి మన ఇంటి వరస చూస్తే, మీ అన్నయ్య, మన రాజారత్నం పేరు పక్కన ‘నిద్రించినవారు’ అని ఉంది. పెనుమూడి రేవులో పడవ తిరగబడి తొమ్మిదేళ్లవుతోంది, నిజమే. మిగతావాళ్లందరూ దొరికారు, వాడొక్కడే దొరకలేదు. దొరకని మనిషి పోయాడని ఎవరు చెప్పగలరు?

ఇది ఊరికే గడిలో మాట అయితే నేనింత బాధపడేదాన్ని కాదు. నవంబరులో సమాధుల పండుగ తర్వాత వచ్చే ఆదివారం నిద్రించినవారి పేర్లు చర్చిలో చదువుతారు కదా. ఇన్నేళ్లూ ఆ పేర్లు చేత్తో రాసి అయ్యగారికి ఇచ్చేది నేనే, వాడి పేరు రాసేదాన్ని కాదు. ఈసారి ఆ కాలమ్‌లో ఏముంటే అదే ప్రింటు తీసి చదువుతారట. వాడి పేరు ఆ వరసలో నా చెవులతో వినలేను.

మా కోశాధికారి బాలస్వామిగారు ఖాళీ దొరికితే ఆ మిషను మీద పేకాట ఆడుతుంటారు. ఆయన చెయ్యే తగిలి ఉంటుంది. నేను ఆ మాట కొట్టేసి ‘ఊళ్లో లేడు’ అని టైపు చేశాను. మిషను ఇంగ్లీషులో ఏదో అడిగింది. యస్ అని నొక్కాను, ఊరుకుంది. ఆ గడుల్లో ఎవరు పడితే వాళ్లు ఏది పడితే అది పెట్టకుండా కట్టుదిట్టం చెయ్యి. ఫ్లాపీ పాండురంగారావుగారికి ఇస్తున్నాను. ఆయన రోజూ పాసింజర్ బండిలో తెనాలి ఉద్యోగానికి వస్తారు కాబట్టి నీకు సాయంత్రంలోగా అందుతుంది.

నీ అక్క,
రూతు.


తెనాలి,
15 జూలై 2007.

ప్రియమైన అక్కకి,

వందనాలు. ఫ్లాపీ అందింది. పాండురంగారావుగారు దాన్ని టిఫిన్ క్యారియర్‌లో పెట్టి తెచ్చారు. కొంచెం పులిహోర వాసన వస్తోంది గానీ తెరుచుకుంది.

నువ్వు యస్ నొక్కిన ప్రశ్న ఏంటో చదివావా? ‘ఈ మాట జాబితాలో లేదు, అయినా పెట్టమంటావా’ అని అది మర్యాదగా అడిగింది. తప్పు నాదే. బాణం గుర్తున్న ఆ డ్రాప్‌డౌన్ సెల్‌కి కాపలా పెట్టేటప్పుడు ఆ కాపలావాడు ఎంత గట్టిగా ఉండాలో మనమే చెప్పాలి. ఊరికే సమాచారం చెప్పి ఊరుకోవచ్చు, హెచ్చరించి అడగొచ్చు, లేదంటే అసలు ఒప్పుకోకపోవచ్చు. పెద్దవాళ్లు వాడే షీటు కదా అని నేను మధ్యరకం పెట్టాను. ఇప్పుడు మూడోది పెట్టాను. ఇకనుంచి జాబితాలో లేని మాట కొడితే ఎర్ర గుర్తు వస్తుంది, గంట మోగుతుంది, వెనక్కి తగ్గేదాకా వదలదు. బాలస్వామిగారైనా అంతే, రూతు టీచరుగారైనా అంతే.

ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త బ్యాచ్ మొదలైంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా అరవడమే పని. ప్రేమ వదిన మొన్న ఫోన్ చేసింది. బాపట్ల నుంచి రోజూ బస్సులో కర్లపాలెం ఆసుపత్రికి వెళ్లి రావడం, నర్సు డ్యూటీ, మళ్లీ ఆ ఇంట్లో ఒక్కతే వండుకుని తినడం. అన్నయ్య వెళ్లినప్పటి నుంచీ ఇదే కదా ఆవిడ బతుకు. గొంతు నీరసంగా ఉంది. నిన్ను మరీ మరీ అడిగింది.

బావగారికి నా వందనాలు చెప్పు.

నీ తమ్ముడు,
శ్యామ్.


రేపల్లె,
5 ఆగస్టు 2007.

ప్రియమైన శ్యామ్‌కి,

దీవెనలు. ఫ్లాపీ ఇక్కణ్ణుంచి బయల్దేరినప్పుడు రాజారత్నం గడిలో ‘ఊళ్లో లేడు’ అని ఉంది. తిరిగొచ్చాక చూస్తే ‘నిద్రించినవారు’ అని ఉంది. దారిలో వేమూరు స్టేషన్లో పాండురంగారావుగారు దిగి మార్చి ఉంటారంటావా? ఆయనకి కంప్యూటర్ ఎక్కడ నొక్కితే వెలుగుతుందో కూడా తెలియదు.

కాబట్టి మొదటిసారి మార్చింది కూడా నువ్వే. పాపం బాలస్వామిగారిని అనుమానించి నేను రెండు ఆదివారాలు ఆయనకి వందనాలు కూడా సరిగ్గా చెప్పలేదు. ఆయన భార్య ఏంటమ్మా కోపమా అని అడిగితే తలనొప్పి అన్నాను. నీ వల్ల చర్చి వాకిట్లో అబద్ధం కూడా ఆడాను.

నేను మళ్లీ టైపు కొట్టి చూశాను. నువ్వు చెప్పినట్టే ఎర్ర గుర్తు, గంట. నాలుగుసార్లు కొడితే నాలుగుసార్లూ మోగింది. అయ్యగారు గుమ్మంలో నిలబడి, “ఏంటమ్మా, మిషను తిడుతోందా?” అన్నారు. “తిట్టేది మిషను కాదండి, మా తమ్ముడు” అన్నాను.

అయినా ఈ ఉత్తరం రాసే వేళకి ఆ గడిలో మళ్లీ ‘ఊళ్లో లేడు’ అనే ఉంది. నేను ఆ గడిలో ఒక్క అక్షరం కూడా టైపు చెయ్యలేదు, నిజం. ఫ్లాపీ మళ్లీ పంపుతున్నాను, ఎలా వచ్చిందో నువ్వే కనుక్కో, నలుగురికి పాఠాలు చెప్పే మాస్టరువి కదా.

నీ అక్క,
రూతు.


తెనాలి,
19 ఆగస్టు 2007.

అక్కా,

వందనాలు. కనుక్కున్నాను. రిమార్కుల కాలమ్‌లో ఏం రాసినా ఎవరూ అడ్డు చెప్పరు. అక్కడ టైపు చేశావు, కాపీ చేశావు, తెచ్చి అన్నయ్య గడిలో పేస్ట్ చేశావు. తర్వాత రిమార్కుల్లో చెరిపేశావు గానీ చివర ఒక చుక్క మిగిలిపోయింది. వాక్యం చివర చుక్క పెట్టకుండా ఉండలేని మనిషి రేపల్లె మొత్తానికి నువ్వొక్కదానివే.

ఈ విద్య నీకు నేర్పింది నేనే, పోయినేడు క్రిస్మస్ పాటలు టైపు చేసేటప్పుడు. డ్రాప్‌డౌన్ సెల్‌కి ఉన్న పెద్ద లోపం కూడా ఇదే. టైపు చేసేవాణ్ణి పట్టుకుంటుంది, పైనుంచి తెచ్చి అతికించేవాణ్ణి పట్టించుకోదు. అతికించిన మాటతో పాటు మామూలు సెల్ వచ్చి కూర్చుంటుంది. బాణం గుర్తు పోతుంది, దాని వెనకున్న నియమం కూడా పోతుంది. చూసుకో, ఇప్పుడు ఆ గడికి బాణమే లేదు.

షీటు మొత్తానికి తాళం వేద్దామా అని ఆలోచించాను. ఆ కాలమ్‌ని కూడా కలిపి తాళం వేస్తే బాణం నొక్కి ఎంచుకోవడం కూడా కుదరదు, రేపు నిజంగా ఎవరైనా బదిలీ అయితే నువ్వు మార్చలేవు. ఆ కాలమ్ ఒక్కటీ తెరిచి ఉంచితే మళ్లీ పేస్ట్ చేస్తావు. అందుకని మిగతా షీటుకి పాస్‌వర్డ్ పెట్టి, ఆ కాలమ్ కోసం చిన్న ప్రోగ్రాం రాశాను. ఎవరైనా ఏదైనా అతికిస్తే అది వెంటనే వెనక్కి తీసేస్తుంది. ఫైలు తెరిచేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది, ఎనేబుల్ అని నొక్కు. అప్పుడే ఆ ప్రోగ్రాం పని చేస్తుంది.

అన్నయ్య గడిలో మాట మార్చింది నేనే. ఒప్పుకుంటున్నాను. ఈ ఏడాది ఆ పేరు చదవనివ్వక్కా. అందరికీ మంచిది.

శ్యామ్.


రేపల్లె,
2 సెప్టెంబరు 2007.

ప్రియమైన శ్యామ్‌కి,

దీవెనలు. ఎనేబుల్ నొక్కమన్నావు. దాని పక్కనే డిజేబుల్ అని ఇంకో బటన్ ఉంది. పైన వైరస్ ఉండొచ్చు జాగ్రత్త అని రాసి ఉంది. నాకు అర్థం కాకపోతే బాలస్వామిగారే చదివి చెప్పారు. వైరస్ ఉండొచ్చంటే జాగ్రత్త గల మనిషి ఏది నొక్కుతుంది? నేనూ అదే నొక్కాను. నువ్వు పెట్టిన కాపలావాడు లేవనే లేదు, నా మాట నేను అతికించుకున్నాను. ఇక నీ దగ్గర దాపరికం లేదు.

అందరికీ మంచిది అని రాశావు. అందరూ అంటే ఎవరు?

మీ బావకి కూడా చెప్పని సంగతి ఒకటి నీకు చెబుతాను. పోయిన నెల, వాడు వెళ్లిన తారీఖున, పాత విద్యార్థి ఇంట్లో పెళ్లి అని చెప్పి అవనిగడ్డ బస్సెక్కాను. ప్రతి ఏడూ వెళతాను. ఇదివరకు పడవలో వెళ్లేదాన్ని, ఇప్పుడు పెనుమూడి దగ్గర వంతెన వచ్చింది కదా. వంతెన మీద కండక్టరు టికెట్ అడుగుతూ “ఎక్కడికమ్మా?” అంటే అవనిగడ్డ అని నోటు చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగాను. కింద కృష్ణ నిండుగా ఉంది. కండక్టరు చిల్లర ఎంచి చేతిలో పెట్టేలోగా బస్సు అవతలి ఒడ్డుకి చేరిపోయింది. ఇంత చిన్న దూరం దాటడానికి నా తమ్ముడు వరదలో పడవెక్కాడు, అటువైపు పాడైపోయిన ఇంజన్ బాగు చెయ్యాలని.

అవనిగడ్డ బస్టాండులో టీ కొట్లవాళ్లకి వాడి ఫొటో చూపిస్తాను. ఒక ఏడాది ఒకడు చూశానన్నాడు, గడ్డం పెంచాడన్నాడు. ఆ తర్వాతి ఏడాది వెళితే ఆ కొట్టే లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్లు బతికాను శ్యామ్. నువ్వు పుట్టకముందు వాణ్ణి చంకనేసుకుని తిప్పింది నేను. వాడు పోయాడని నేనే ఒప్పుకుంటే ఇక వాడి కోసం చూసేవాళ్లు భూమ్మీద ఎవరూ ఉండరు.

నువ్వేదో దాస్తున్నావు. నీ ఉత్తరాల్లో హాస్యం ఎక్కువైందంటే కడుపులో ఏదో ఉన్నట్టే, చిన్నప్పటి నుంచీ అంతే. చెప్పు.

నీ అక్క,
రూతు.


బాపట్ల,
16 సెప్టెంబరు 2007.

ప్రియమైన అక్కకి,

వందనాలు. ఇవాళ బాపట్ల వచ్చాను. ప్రేమ వదిన ఇంటి వరండాలో కూర్చుని రాస్తున్నాను. నీకు రాయమని ఆవిడ చెప్పలేదు, వద్దనే అంది. కానీ నువ్వు అడిగాక దాచడం నా వల్ల కావడం లేదు.

వదినని పెళ్లి చేసుకుంటానని ఒకాయన అడిగారు. పేరు దైవసహాయం. ఇక్కడే స్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన భార్య జబ్బుతో మంచాన పడి కన్నుమూసింది. ఆ చివరి రోజుల్లో డ్యూటీ అయ్యాక రోజూ వాళ్లింటికి వెళ్లి ఆవిణ్ణి చూసుకున్నది వదినే. ఆయన చాలాకాలం ఏమీ మాట్లాడలేదట. తర్వాత ఒకరోజు అడిగారట. వదిన కాదంది. ఆయన మళ్లీ అడగలేదు, అలాగని దూరమూ కాలేదు. ఈ ఏడాది మొదట్లో వదినే వెళ్లి సరేనంది. ఈ మాట చెబుతున్నప్పుడు వదిన నా మొహం చూడలేకపోయింది.

ఇక్కడి చర్చిలో పెళ్లి ప్రకటన చదవాలంటే సొంత సంఘం నుంచి పత్రం కావాలన్నారు. వదిన పేరు ఇప్పటికీ రేపల్లెలో మన ఇంటి వరసలోనే ఉంది. మీ అయ్యగారు పత్రం రాసేది ఆ షీటు చూసే. అన్నయ్య నిద్రించినవారిలో ఉండి, ఆ పేరు చర్చిలో చదివితే, వదిన ఇంకో పెళ్లి చేసుకోవచ్చు. ఆయన ఊళ్లో లేడు అని ఉంటే ఆవిడ ఇంకా ఆయన భార్యే. నీకు ముందుగా చెప్పకుండానే ఈ పని అయిపోతే బాగుండునని వదిన నన్నడిగింది. నిన్ను మోసం చెయ్యాలని కాదక్కా. నీ ఎదురుగా నిలబడి ఆ మాట అనే ధైర్యం లేదు ఆవిడకి.

ఈసారి కుదరకపోతే ఇంకెప్పుడూ ఈ ప్రస్తావన తేనని నాతో అంది. అందంటే నిజంగానే తేదు, వదిన సంగతి నీకు తెలుసు.

శ్యామ్.


రేపల్లె,
23 సెప్టెంబరు 2007.

శ్యామ్‌కి,

ఉత్తరం అందింది.

ప్రేమ నీకు చెప్పింది, నాకు చెప్పలేదు. ప్రతి క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చి, నా పక్కన పడుకుని, తెల్లారేదాకా కబుర్లు చెప్పే మనిషి. పోయిన క్రిస్మస్‌కి వాడికిష్టమని అరిసెలు చేస్తే తను కూడా తింది. ఆ మనిషి నా తమ్ముడు చచ్చిపోయాడని కంప్యూటర్లో ఎక్కించమని నీ చేత రాయబారం నడిపింది. మీరిద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు.

నువ్వు ఇన్ని కాపలాలు పెట్టావు గానీ డిలీట్ అనే మీట ఒకటుందని నాకెప్పుడూ చెప్పలేదు. గడి మీద నిలబడి అది నొక్కితే ఎర్ర గుర్తూ రాదు, గంటా మోగదు. ఇప్పుడు ఆ గడి ఖాళీ. నీ మాటా లేదు, నా మాటా లేదు. అలాగే ఉండనీ.

ఫ్లాపీ పంపడం లేదు. పాండురంగారావుగారిని అడగొద్దు.

రూతు.


తెనాలి,
7 అక్టోబరు 2007.

ప్రియమైన అక్కకి,

వందనాలు. నీ దగ్గర్నుంచి జవాబు రాదని తెలిసీ రాస్తున్నాను.

డిలీట్ సంగతి నాకు తెలుసు. డ్రాప్‌డౌన్ పెట్టినంత మాత్రాన సెల్‌ని ఖాళీ చెయ్యకుండా ఆపలేం. ఆ ప్రోగ్రాంలో ఇంకో రెండు వరసలు రాస్తే ఆపొచ్చు. రాయబుద్ధి కాలేదు.

ఇన్నాళ్లూ ఆ సెల్‌లో అక్కర్లేని మాటలు పడకుండా చూస్తున్నానని అనుకున్నాను. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కూడా అలాగే చెబుతాను, అక్కర్లేనిది లోపలికి రానివ్వకూడదని. నీ ఉత్తరం చదివాక, అవనిగడ్డ బస్టాండులో ఫొటో పట్టుకుని నిలబడ్డ మా అక్క మాట అక్కర్లేని మాట ఎలా అయిందా అనిపించింది. సిగ్గేసింది.

కానీ నాకు అన్నయ్య మీద ప్రేమ లేదనుకోకు. ఆ వారమంతా పడవలవాళ్లతో నదిలో తిరిగింది నేను. నువ్వు ఇంట్లో అమ్మని పట్టుకుని కూర్చున్నావు. ఆ నీళ్లు ఎలా ఉన్నాయో నేను చూశాను. చివరి రోజు పడవ నడిపే పెద్దాయన, “ఇక వెనక్కి పోదాం బాబూ” అన్నాడు. ఆయన మొహం చూసి నేను మళ్లీ అడగలేదు. నాకు అన్నయ్య ఆ పూటే పోయాడు. నీకు ఈ మాట చెప్పడానికి నాకూ ధైర్యం లేకపోయింది, వదినని అని ఏం లాభం.

నా దగ్గరున్న కాపీతో కొత్త ఫ్లాపీ పంపుతున్నాను. పాస్‌వర్డ్ తీసేశాను, ప్రోగ్రాం తీసేశాను. బాణం గుర్తు మాత్రం ఉంచాను, నీ చేతికి సులువని. జాబితాలో లేని మాట కొట్టినా ఇక అది కిమ్మనదు. అన్నయ్య గడి ఖాళీగానే ఉంచాను. అందులో నువ్వు ఏం పెడితే అదే ఉంటుంది. నేను ముట్టుకోను, వదినా అడగదు.

నీ తమ్ముడు,
శ్యామ్.


బాపట్ల,
11 నవంబరు 2007.

ప్రియమైన తమ్ముడు శ్యామ్‌కి,

ప్రభువు నామంలో నీ అక్క దీవెనలు. ఇంతకాలం ఉత్తరం రాయనందుకు కోపం తెచ్చుకున్నావో లేదో తెలియదు. తెచ్చుకునే ఉంటే ఇది చదివాక మానెయ్యి.

నీ ఫ్లాపీ పెట్టుకుని మిషను ముందు చాలాసేపు కూర్చున్నాను. రాజారత్నం వరస కింద ప్రేమ వరస ఉంటుంది కదా. ఇన్ని నెలలూ పై వరసే చూశాను గానీ కిందికి చూడలేదు. వివాహం అనే కాలమ్‌లో ప్రేమ పేరు పక్కన ‘పెళ్లైనవారు’ అని ఉంది. జాబితాలోంచి ఎంచి ఆ మాట పెట్టింది నేనే. దాన్ని ఎవరూ దొంగతనంగా మార్చలేదు, దాని కోసం ఎవరూ పోట్లాడలేదు. అది చూశాక నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఎవరికీ చెప్పకుండా బాపట్ల బస్సెక్కాను.

ప్రేమ డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను వాళ్ల వరండాలో ఉన్నాను.

“ఏంటి వదినా, చెప్పకుండా వచ్చారు?” అంది.

“మన ఇంట్లో చెప్పకుండా చేసేవాళ్లు ఎక్కువయ్యారు, నేనూ నేర్చుకున్నాను” అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. గుమ్మం దగ్గరే కూర్చుని ఏడ్చింది. నేను ఎన్నో మాటలు అనాలని వెళ్లాను, వెళ్లి తన పక్కన కూర్చున్నాను. కాసేపయ్యాక తనే చెప్పింది. “నాకు మొదట్నుంచీ తెలుసు వదినా, ఆయన రారని. కానీ మీరు ఎదురుచూస్తున్నారు కదా, ఇంట్లో ఒక మనిషి గుమ్మం దగ్గర ఉందిలే, నేను కాసేపు లోపల కూర్చున్నా తప్పులేదులే అనుకునేదాన్ని. మీరు ఎదురుచూడ్డం మానెయ్యమని నేను అడగను. నన్ను మాత్రం పంపించండి.”

ఈ మాట విన్నాక నాకు కోపం మిగల్లేదు శ్యామ్. తొమ్మిదేళ్లుగా ఆ ఎదురుచూపు నేను ఒక్కదాన్నే మోస్తున్నానని గర్వంగా ఉండేది. ఆ నీడలో ఇంకో మనిషి కూర్చుని ఉందని నాకు తెలియదు. ఆ పూట ఇద్దరం వంకాయ కూర వండుకుని తిన్నాం. కారం ఎక్కువైంది, అయినా ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.

రేపల్లె వచ్చి బాణం గుర్తు నొక్కి మూడో మాట ఎంచుకున్నాను. గంట మోగలేదు. మోగుతుందేమోనని కాసేపు చూశాను. తర్వాత ప్రేమ గడిలో ‘వితంతువు’ అని ఎంచుకోవాల్సి వచ్చింది, అది మాత్రం ఎక్కువ కాలం ఉండదులే అనుకుని నొక్కాను.

పోయిన ఆదివారం పేర్లు చదివారు. నువ్వు వస్తానని ప్రేమతో ఫోన్లో చెప్పి, ఇన్‌స్టిట్యూట్ పరీక్షల వల్ల రాలేకపోయావు, మంచిదే, నువ్వుంటే నేను ఇంకా ఏడ్చేదాన్ని. పేరు చదివినప్పుడు ఇంటివాళ్లు లేచి నిలబడాలి కదా. అయ్యగారు రాజారత్నం అన్నారు. నేను కూర్చునే ఉన్నాను. ప్రేమ లేచి నా మోచెయ్యి పట్టుకుని లేపింది. మగవాళ్ల వైపు మీ బావ నిలబడ్డారు. ఆయన వెనక వరసలో తెల్లచొక్కా వేసుకున్న ఇంకొకాయన కూడా నిలబడ్డాడు. సన్నగా, కళ్లజోడు. నేనెప్పుడూ చూడలేదు గానీ ఎవరో అర్థమైంది.

ఆరాధన అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి, “క్షమించండి అక్కయ్యగారూ. నేను నిలబడవచ్చో లేదో తెలియలేదు. కూర్చోవడం మాత్రం తప్పనిపించింది” అన్నారు.

“భోజనానికి ఇంటికి రండి” అన్నాను. అంతకంటే మంచి మాట నాకు ఆ వేళ తోచలేదు. ఆయన కూడా మీ బావలాగే పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి. ఇద్దరూ పొద్దుగూకే దాకా రాజకీయాలు మాట్లాడుకున్నారు. ప్రేమకి ముందే సానుభూతి చెప్పాను.

ఇవాళ బాపట్ల చర్చిలో మొదటి పెళ్లి ప్రకటన. నేను ప్రేమ పక్కన కూర్చున్నాను. ఇక్కడి అయ్యగారు ఇద్దరి పేర్లూ చదివి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయవలసిందన్నారు. అని ఆగారు. నేను ఎవరినో అక్కడ చాలామందికి తెలుసు, కొన్ని తలలు నా వైపు తిరిగాయి. లేచి ఒక్క మాట అంటే ఆగిపోతుందని నాకూ తెలుసు, ప్రేమకీ తెలుసు. తను నా చెయ్యి పట్టుకుంది, చిన్నపిల్లలు సూది మందుకి ముందు పట్టుకుంటారే, అలా.

వాడు వస్తాడన్న ఆశ నాకింకా చావలేదు, శ్యామ్. నవ్వితే నవ్వు. వచ్చే ఆగస్టులో కూడా నేను ఆ బస్సెక్కుతాను, ఈసారి మీ బావకి చెప్పి ఎక్కుతాను. ఆ ఆశంతా కడుపులో పెట్టుకుని, నోరు తెరవకుండా, లేవకుండా కూర్చున్నాను. నా జీవితంలో ఇంత కష్టమైన పని ఇంకొకటి చెయ్యలేదు.

అయ్యగారు తర్వాతి పాట నంబరు చెప్పారు. ప్రేమ నా చెయ్యి వదిలి, పాటల పుస్తకం తెరిచి, ఇద్దరికీ కనిపించేలా మధ్యలో పట్టుకుంది.

నీ అక్క,
రూతు.